రోబోతో సీక్వెన్సింగ్ లైబ్రరీలు: నీళ్ల రన్ నుంచి పూలింగ్ దాకా

ల్యాబ్‌లోకి కొత్తగా లిక్విడ్ హ్యాండ్లింగ్ రోబో (ద్రవాలని కొలిచి వేసే రోబో) వచ్చిందంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పొద్దున శాంపిళ్లు పెట్టి సాయంత్రానికి లైబ్రరీలు (సీక్వెన్సింగ్ మెషీన్ చదవడానికి వీలుగా తయారుచేసిన డీఎన్‌ఏ ముక్కలు) తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. కాకపోతే ఆ రోజు రావడానికి ముందు నీళ్లతో, రంగు నీళ్లతో, ఎందుకూ పనికిరాని పాత డీఎన్‌ఏతో బోలెడంత పని ఉంటుంది. ఆ పని ఎగ్గొట్టి నేరుగా అసలు శాంపిళ్లు పెట్టేసినవాళ్లు కిట్టూ శాంపిళ్లూ రెండూ పోగొట్టుకోవడం చూశాను. మళ్లీ దొరకని శాంపిళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ ముందు పని గురించే.

లెక్కలు గాల్లో చెప్పకుండా ఒక సెటప్ తీసుకుందాం. ఓపెన్‌ట్రాన్స్ వాళ్ల ఓటీ-2 రోబో, దానికి ఒకేసారి ఎనిమిది టిప్పులతో పీల్చి వదిలే రెండు 8-ఛానెల్ పిపెట్లు (ఒకటి 1 నుంచి 20 మైక్రోలీటర్లది, ఇంకోటి 20 నుంచి 300 మైక్రోలీటర్లది), 24 జీనోమిక్ డీఎన్‌ఏ శాంపిళ్లు, లైబ్రరీలు తయారుచేసే ఎన్‌ఈబీనెక్స్ట్ అల్ట్రా 2 డీఎన్‌ఏ కిట్. మీ దగ్గర హామిల్టన్ స్టార్ ఉన్నా, బెక్‌మన్ బయోమెక్ ఉన్నా, టెకాన్ ఫ్లుయెంట్ ఉన్నా ఆలోచించాల్సిన తీరు ఇదే. ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: హామిల్టన్ లాంటి మెషీన్లు ద్రవం మట్టం ఎక్కడుందో తామే పసిగట్టగలవు, టిప్‌లోకి ద్రవానికి బదులు గాలి వస్తే ఆగి చెప్పేలా వాటిని సెట్ చేసుకోవచ్చు. ఓటీ-2లో ఆ సెన్సర్ లేదు. ట్యూబ్‌లో చుక్క లేకపోయినా గాలి పీల్చి, గాలే వదిలి, చివర్లో రన్ పూర్తయిందని చూపిస్తుంది. కాబట్టి చిన్న రోబో వాడేవాళ్లకి వాల్యూమ్ లెక్క విషయంలో జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

అసలు మీకు రోబో అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోండి. వారానికి ఎనిమిది శాంపిళ్లు చేసే ల్యాబ్‌లో చెయ్యి తిరిగిన మనిషి మల్టీఛానెల్ పిపెట్ పట్టుకుంటే రోబో కన్నా ముందే పని ముగిస్తారు, డెక్ (రోబో పని చేసే బల్ల) సర్దడానికి పట్టే టైమ్‌లోనే వాళ్లు సగం దూరం వెళ్లిపోతారు. నా లెక్కలో 24 దగ్గర రోబో పనికొస్తుంది, 48 దాటితే అది లేకుండా కష్టం. 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ (కరోనా వైరస్ జీనోములని సీక్వెన్స్ చేసే ల్యాబ్‌ల జాతీయ కూటమి) మొదలయ్యాక, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు అందులో చేరాక, కరోనా శాంపిళ్లని వరసపెట్టి సీక్వెన్స్ చేయడం మన దేశంలో కూడా మామూలు పనైంది. ఆ స్థాయిలో పని వచ్చిపడినప్పుడు మనిషి చెయ్యి అలిసిపోతుంది, ప్లేట్‌లో 70వ వెల్ (గుంట) దగ్గర చూపు తప్పుతుంది. రోబో విలువ అక్కడ తెలుస్తుంది. మొదటి వెల్‌లో ఎలా చేసిందో 96వ వెల్‌లోనూ అలాగే చేస్తుంది, తప్పు నేర్పితే ఆ తప్పుని కూడా 96 సార్లూ అంతే శ్రద్ధగా చేస్తుంది.

డెక్ మీద చోటు, టిప్పుల లెక్క

స్క్రిప్ట్ రాయడానికి ముందు కాగితం మీద డెక్ గీయండి. ఓటీ-2లో వాడుకోవడానికి 11 స్లాట్లు ఉంటాయి, పన్నెండోది చెత్తబుట్ట. థర్మోసైక్లర్ మాడ్యూల్‌ని (డీఎన్‌ఏ నకళ్లు పెంచే పీసీఆర్ మెషీన్) డెక్ మీదే పెడితే అది ఒక్కటే నాలుగు స్లాట్లు మింగేస్తుంది. మాగ్నెటిక్ మాడ్యూల్‌కి ఒకటి, ఎంజైములు చల్లగా ఉంచే టెంపరేచర్ మాడ్యూల్‌కి ఒకటి, రిజర్వాయర్‌కి ఒకటి, ఎల్యూషన్ ప్లేట్‌కి (శుభ్రమైన డీఎన్‌ఏ చివరికి చేరే ప్లేట్) ఒకటి. ఇక మిగిలింది మూడు స్లాట్లు, అంటే మూడు టిప్ ర్యాకులు. 8-ఛానెల్‌తో ఒక్కో ర్యాక్ 12 కాలమ్‌లు, మొత్తం 36.

ఇప్పుడు ఖర్చు చూడండి. 24 శాంపిళ్లంటే ప్లేట్‌లో మూడు కాలమ్‌లు. ఒక బీడ్ క్లీనప్‌లో, అంటే డీఎన్‌ఏని బీడ్లకి (అయస్కాంతానికి అంటే సన్నటి పూసలు) అంటించి, కడిగి, మళ్లీ విడదీసే పనిలో, ప్రతి కాలమ్‌కీ బీడ్లు కలపడానికి ఒక వరస టిప్పులు, సూపర్‌నేటెంట్ (పైన తేరిన ద్రవం) తీయడానికి ఒకటి, రెండుసార్లు ఇథనాల్ తీయడానికి రెండు, అడుగున మిగిలిన ఇథనాల్ చుక్క తీయడానికి చిన్న టిప్పులు ఒక వరస, ఎల్యూషన్ బఫర్ (డీఎన్‌ఏని బీడ్ల నుంచి విడదీసే ద్రవం) వేసి కలపడానికి ఒకటి, చివరికి కొత్త ప్లేట్‌లోకి మార్చడానికి ఒకటి. ఏడు. మూడు కాలమ్‌లకి 21, ఇథనాల్ పైనుంచి పోయడానికి అందరికీ ఉమ్మడిగా ఒకటి, అంటే 22. కిట్‌లో ఇలాంటి క్లీనప్‌లు రెండు, 44 అయ్యాయి. ఎండ్ ప్రిప్ (డీఎన్‌ఏ ముక్కల చివర్లు సరిచేసేది), అడాప్టర్ (ఆ చివర్లకి అతికించే చిన్న డీఎన్‌ఏ), లైగేషన్ మిక్స్ (ఆ అతుకు వేసేది), యూజర్ అనే పేరున్న ఎంజైమ్, పీసీఆర్ మిక్స్, ఇండెక్స్ (ఏ శాంపిలో చెప్పే డీఎన్‌ఏ గుర్తు) అంటూ ఆరుసార్లు రీఏజెంట్ వేయాలి కాబట్టి మరో 18. మొత్తం 62 కాలమ్‌లు. ఉన్నవి 36.

అందుకే నా సలహా, మొదట్లో థర్మోసైక్లర్‌ని డెక్ మీద పెట్టకండి. పక్క బెంచి మీద ఉన్న మామూలు పీసీఆర్ మెషీన్ వాడుకోండి. ప్లేట్‌కి సీల్ వేసి చేత్తో తీసుకెళ్లి పెట్టడం రెండు నిమిషాల పని, డెక్ మీద నాలుగు స్లాట్లు మిగులుతాయి, ఏడు ర్యాకులు పడతాయి. ఇండెక్స్ ప్లేట్‌ని దాని వంతు వచ్చినప్పుడు రన్ పాజ్ చేసి ఖాళీ అయిన ర్యాక్ చోట పెట్టవచ్చు. పైగా మధ్యమధ్యలో మనిషి వచ్చి ప్లేట్ చూసే అవకాశం ఉంటుంది, కొత్తలో అది చాలా అవసరం. టిప్పులు ఆదా చేద్దామని ఒకే టిప్‌తో రెండు కాలమ్‌లలో పని చేయించడం మాత్రం వద్దే వద్దు, శాంపిల్‌ని తాకని పనికి, అంటే ఇథనాల్ పైనుంచి పోయడానికి మాత్రమే టిప్ మళ్లీ వాడాలి. ఫిల్టర్ టిప్పులే వాడండి.

ఇంకోమాట: మొత్తం ప్రిప్‌ని ఒకే పొడవాటి స్క్రిప్ట్‌గా రాయకండి. ఎండ్ ప్రిప్ నుంచి లైగేషన్ దాకా ఒకటి, మొదటి క్లీనప్, పీసీఆర్ సెటప్ కలిపి ఒకటి, చివరి క్లీనప్ ఒకటి, ఇలా మూడు ముక్కలు చేయండి. ఎక్కడైనా రన్ ఆగిపోతే ఆ ముక్క నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ కిట్‌లో యూజర్ స్టెప్ అయ్యాక ప్లేట్‌ని మైనస్ 20లో రాత్రంతా ఉంచవచ్చు, కాబట్టి మొదటి ముక్క సరిగ్గా అక్కడ తెగాలి.

ముందు నీళ్లు, ఆ తర్వాత రంగు

స్క్రిప్ట్ రాశాక ముందు కంప్యూటర్‌లోనే సిమ్యులేషన్ నడపండి. అది ఒక్కో స్టెప్‌ని ఒక్కో లైన్‌గా రాసిస్తుంది. ఆ లైన్లు బద్ధకించకుండా కూర్చుని చదవండి, మీ చేతి ప్రోటోకాల్ కాగితం పక్కన పెట్టుకుని టిక్ కొట్టుకుంటూ పోండి. తర్వాత ఖాళీ ప్లేట్లు పెట్టి ఒక రన్, దీనిలో చూడాల్సింది టిప్ ఎక్కడైనా అంచుకి తగులుతుందా, వెల్ మధ్యలోకే దిగుతుందా అనే. ప్లేట్ బ్రాండ్ మారితే ఎత్తు మారుతుంది. లేబ్‌వేర్ పొజిషన్ చెక్ చేసి ఆఫ్‌సెట్ సేవ్ చేయకుండా ముందుకి వెళ్లకండి. ఒక మిల్లీమీటర్ పైకి ఉంటే చివరి కొన్ని మైక్రోలీటర్లు అడుగునే మిగిలిపోతాయి, ఒక మిల్లీమీటర్ కిందికి ఉంటే టిప్ అడుగుకి అతుక్కుని అసలు పీల్చదు.

అప్పుడు నీళ్లు. ఖాళీ ప్లేట్‌ని సన్నని తూకం మెషీన్ మీద పెట్టి బరువు రాసుకోండి, రోబోతో ఒక కాలమ్‌లో వెల్‌కి 20 మైక్రోలీటర్ల చొప్పున నీళ్లు వేయించి మళ్లీ తూచండి. ఒక మైక్రోలీటర్ నీళ్లంటే దాదాపు ఒక మిల్లీగ్రాము, కాబట్టి ఎనిమిది వెల్స్‌కి 160 మిల్లీగ్రాములకి దగ్గరగా రావాలి. 150 వచ్చిందంటే ఎక్కడో లీక్ ఉంది, లేదా టిప్ సరిగ్గా కూర్చోలేదు.

తూకం మొత్తం చెబుతుంది కానీ ఎనిమిది ఛానెళ్లలో ఏది తప్పిందో చెప్పదు. దానికి రంగు కావాలి. టార్ట్రజైన్ అనే పసుపు రంగు నీళ్లలో కలిపి, తెలిసిన వాల్యూమ్ నీళ్లు ఉన్న వెల్స్‌లో రోబోతో రంగు వేయించి, ప్లేట్ రీడర్‌లో 425 నానోమీటర్ల దగ్గర చదవండి. ప్రతి ఛానెల్‌కీ సగటు, తేడా లెక్కగట్టండి. 20 మైక్రోలీటర్ల పైన సీవీ (సగటుతో పోలిస్తే ఎంత తేడా అన్నది) 5 శాతం లోపు ఉంటే నేను ముందుకి వెళ్తాను. 2, 3 మైక్రోలీటర్ల దగ్గర అంత గట్టిగా పట్టుబట్టను, అసలు అంత చిన్న వాల్యూమ్ రోబోకి ఇవ్వకుండా తప్పించుకునే దారి చూస్తాను. ఉదాహరణకి ఈ కిట్‌లో అడాప్టర్ 2.5 మైక్రోలీటర్లు వేయాలి. దాన్ని 5 మైక్రోలీటర్లు వేస్తే సరిపోయేలా పలచన చేసి పెట్టుకోవచ్చు, అయితే మిగతా రియాక్షన్ వాల్యూమ్, ఆ తర్వాత పడే బీడ్ల లెక్క కూడా దాని ప్రకారం సరిచూసుకోవాలి.

చిక్కటి ద్రవాలు, కారే ద్రవాలు

నీళ్లతో రోబో బాగా నడిచిందని సంబరపడితే సరిపోదు, కిట్‌లో నీళ్లలా ప్రవర్తించే రీఏజెంట్ దాదాపు ఏదీ ఉండదు. అల్ట్రా 2 లైగేషన్ మాస్టర్ మిక్స్ బాగా చిక్కగా ఉంటుంది. మామూలు స్పీడ్‌లో పీల్చితే టిప్ లోపలికి సగమే వస్తుంది, మిగతాది గాలి. పీల్చే వేగం బాగా తగ్గించండి, పీల్చాక టిప్‌ని ద్రవంలోనే రెండు మూడు సెకన్లు ఆపండి, నెమ్మదిగా పైకి తీయండి, వదిలేటప్పుడు కూడా నెమ్మదిగా వదిలి మళ్లీ ఆగండి. తర్వాత కనీసం పదిసార్లు కలపండి. లైగేషన్ సరిగ్గా కలవకపోతే ఈల్డ్ (చేతికొచ్చే లైబ్రరీ) పడిపోతుంది, అది మీకు రెండు గంటల తర్వాత గానీ తెలియదు.

లైగేషన్ మిక్స్‌లో ఎన్‌హాన్సర్‌ని ముందే కలిపి చల్లగా పెట్టుకోవచ్చు. అడాప్టర్‌ని మాత్రం అందులో ముందే కలపకండి. ఎవరైనా ఒక పైపెటింగ్ స్టెప్ మిగులుతుందని అలా కలిపి స్ట్రిప్‌లో పెడితే, రోబో శాంపిల్ దాకా వెళ్లేలోపే అడాప్టర్లు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది. స్క్రిప్ట్‌లో రెండూ వేరువేరు స్టెప్పులుగానే ఉండాలి: ముందు అడాప్టర్, తర్వాత మిక్స్.

ఇథనాల్ దీనికి పూర్తిగా ఎదురు. పలచగా ఉంటుంది, టిప్ నుంచి దానంతటదే కారుతుంది, రోబో డెక్ మీదుగా వెళ్తున్నప్పుడు పక్క వెల్స్‌లో చుక్కలు రాలుస్తుంది. ఒకసారి పీల్చి వదిలి టిప్ లోపల తడిపాక అసలు వాల్యూమ్ పీల్చండి, చివర్లో 10 మైక్రోలీటర్ల దాకా గాలి కూడా పీల్చమని చెప్పండి. ఆ గాలి పొర అడుగున ఉంటే చుక్క రాలదు. ప్లేట్‌కి దగ్గరగా ఉన్న స్లాట్‌లోనే ఇథనాల్ రిజర్వాయర్ పెడితే ప్రయాణం తగ్గుతుంది. 80 శాతం ఇథనాల్ ఏ రోజుకారోజు కలుపుకోండి, రిజర్వాయర్‌లో పొద్దున్నే పోసి మూత లేకుండా సాయంత్రం దాకా ఉంచకండి. ఇథనాల్ ముందు ఆవిరై పోయి శాతం తగ్గితే, కడుగుతున్నప్పుడే డీఎన్‌ఏ కూడా బీడ్ల నుంచి ఊడి చెత్తబుట్టలోకి వెళ్తుంది.

బీడ్ క్లీనప్

ఇదే ఈ గైడ్‌కి గుండెకాయ. రోబో మీద లైబ్రరీ ప్రిప్ బాగా రాలేదని ఎవరైనా అంటే పదిలో తొమ్మిది సార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది. ముందు కెమిస్ట్రీ రెండు ముక్కల్లో: బీడ్ల ద్రవంలో పాలీఎథిలీన్ గ్లైకాల్, ఉప్పు ఉంటాయి. శాంపిల్‌కి ఎంత బీడ్ ద్రవం కలిపామన్న నిష్పత్తిని బట్టి ఎంత పొడవు డీఎన్‌ఏ ముక్కలు బీడ్లకి అతుక్కుంటాయో నిర్ణయమవుతుంది. నిష్పత్తి పెరిగితే చిన్న ముక్కలు కూడా మిగులుతాయి, తగ్గితే చిన్నవి పోతాయి. పీసీఆర్ తర్వాత 50 మైక్రోలీటర్ల శాంపిల్‌కి 45 మైక్రోలీటర్ల బీడ్లు, అంటే 0.9 రెట్లు. ఇప్పుడు సీల్ సరిగ్గా అంటుకోక పీసీఆర్‌లో శాంపిల్ 45 మైక్రోలీటర్లకి ఇంకిపోయిందనుకోండి, రోబో మాత్రం తు.చ. తప్పకుండా 45 వేస్తుంది, నిష్పత్తి 1.0 అవుతుంది, మీరు తీసేద్దామనుకున్న అడాప్టర్ డైమర్లు (ఒకదానికొకటి అతుక్కున్న అడాప్టర్లు) మిగిలిపోతాయి. బీడ్లు తక్కువ పడితే దీనికి ఎదురు, మీ మంచి లైబ్రరీలో చిన్న ముక్కలు పోతాయి. చేత్తో చేసే మనిషి వెల్‌లో మట్టం తగ్గిందని గమనిస్తారు. రోబో గమనించదు. అందుకే పీసీఆర్ మెషీన్ నుంచి ప్లేట్ తీయగానే సీల్ తీసి, వెలుతురులో అడ్డంగా పెట్టి, అన్ని వెల్స్‌లో మట్టం ఒక్కలాగే ఉందో లేదో కళ్లతో చూడండి. అంచు వెల్స్ ముఖ్యంగా.

తర్వాత, ప్లేట్ ఎంపిక. లైగేషన్, యూజర్ స్టెప్పులు అయ్యాక వెల్‌లో 96.5 మైక్రోలీటర్లు ఉంటాయి, దానికి 87 బీడ్లు. మొత్తం 183.5. మామూలు పీసీఆర్ ప్లేట్ వెల్‌లో పట్టేది 200. చేత్తో అయితే జాగ్రత్తగా కలిపేయవచ్చు, రోబో టిప్ లోపలికి దిగగానే మట్టం ఇంకా పైకి లేస్తుంది, పదిసార్లు కలిపేసరికి అంచు దాటి పక్క వెల్‌లోకి పొంగుతుంది. ఈ క్లీనప్‌కి మాత్రం మీ మాగ్నెట్‌కి సరిపోయే డీప్‌వెల్ ప్లేట్‌లోకి శాంపిల్ మార్చుకోండి. రెండో క్లీనప్‌లో మొత్తం 95 మైక్రోలీటర్లే కాబట్టి పీసీఆర్ ప్లేట్ చాలు.

డీప్‌వెల్‌తో ఇంకో ఇబ్బంది వస్తుంది. కిట్ ప్రకారం 17 మైక్రోలీటర్లలో ఎల్యూట్ చేసి 15 తీసుకోవాలి. అంత వెడల్పు వెల్‌లో 17 మైక్రోలీటర్లంటే అడుగున సన్నటి పొర, బీడ్లు లేకుండా అందులోంచి 15 తీయడం రోబోకి చాలా కష్టం. డీఎన్‌ఏ సరిపడా ఉన్న శాంపిళ్లయితే 22లో ఎల్యూట్ చేసి 15 తీసుకోండి. కొంత నష్టం ఉంటుంది, ఆ నష్టం 24 వెల్స్‌లోనూ ఒక్కలా ఉంటుంది కాబట్టి నేను దాన్ని సంతోషంగా ఒప్పుకుంటాను. చాలా తక్కువ డీఎన్‌ఏతో పని చేస్తుంటే మాత్రం ఈ ఒక్క స్టెప్ చేత్తో చేసుకోండి.

బీడ్లు ఎక్కడ పోయాలన్నది కూడా లెక్కే. మొదటి క్లీనప్‌కి 24 సార్లు 87, అంటే 2088 మైక్రోలీటర్లు. ఇది స్ట్రిప్ ట్యూబుల్లో పట్టదు, రిజర్వాయర్ కావాలి, దాని అడుగున టిప్‌కి అందకుండా మిగిలేది ఎంతో నీళ్లతో మీరే కొలిచి దానికి కలుపుకోండి. రెండో క్లీనప్‌కి ఒక్కో ఛానెల్‌కి మూడుసార్లు 45, అంటే 135. ఎనిమిది ట్యూబుల స్ట్రిప్‌లో ఒక్కోదానిలో 150 పోస్తే హాయిగా సరిపోతుంది, వృథా తక్కువ. బీడ్లు ఖరీదైనవి, ఈ చిన్న మార్పు నెల తిరిగేసరికి తెలుస్తుంది. ఏ పాత్రలో పోసినా, ప్రతి కాలమ్‌కీ పీల్చే ముందు అక్కడే కలపాలి. బీడ్లు చాలా త్వరగా అడుగుకి దిగిపోతాయి. మొదటి కాలమ్‌కి ముందు ఒకసారి కలిపి ఊరుకుంటే మూడో కాలమ్‌కి పలచటి ద్రవం వెళ్తుంది, చివర్లో మూడో కాలమ్‌ లైబ్రరీలన్నీ వరసగా బలహీనంగా వస్తాయి. ఫలితాల్లో కాలమ్ వారీగా తేడా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. బీడ్లు ఫ్రిజ్ నుంచి తీసి అరగంట గది వేడికి రానివ్వడం కూడా మర్చిపోవద్దు.

కలిపేటప్పుడు మొత్తం వాల్యూమ్‌లో ఎనభై శాతం దాకా పీల్చి వదలండి, టిప్ అడుగు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల పైన ఉండాలి, బ్లో అవుట్ (టిప్‌లో మిగిలినదాన్ని గాలితో ఊదేయడం) మాత్రం ద్రవం లోపల చేయించకండి, బుడగలు వస్తాయి. అయిదు నిమిషాలు ఆగి మాగ్నెట్ పైకి లేపండి. డీప్‌వెల్‌లో ద్రవం తేటగా అవ్వడానికి పీసీఆర్ ప్లేట్ కన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఎన్ని నిమిషాలని స్క్రిప్ట్‌లో రాయాలో తేల్చుకోవడానికి ఒక పాత డీఎన్‌ఏతో రన్ పెట్టి, మాగ్నెట్ లేచిన దగ్గర నుంచి గడియారం చూసుకుంటూ వెల్ పక్కనే కూర్చోండి, గోధుమ రంగు పూర్తిగా పోయే క్షణం రాసుకోండి, దానికి ఒక నిమిషం కలపండి.

సూపర్‌నేటెంట్ తీసేటప్పుడు టిప్ బీడ్ల గుట్టకి ఎదురు వైపు ఉండాలి. చాలా మాగ్నెట్లలో అయస్కాంతాలు రెండు కాలమ్‌ల మధ్యలో ఉంటాయి, దాంతో బీడ్లు బేసి కాలమ్‌లో ఒక వైపు, సరి కాలమ్‌లో ఇంకో వైపు చేరతాయి. స్క్రిప్ట్‌లో కాలమ్ నంబర్ బేసా సరా అని చూసి టిప్‌ని ఎడమకో కుడికో కొంచెం జరపాలి. మీ మాగ్నెట్‌లో ఎటు చేరతాయో ప్లేట్ కింద నుంచి చూసి నిర్ధారించుకోండి, ఇంకెవరి స్క్రిప్ట్‌నో నమ్ముకోకండి. తీసే వేగం కూడా బాగా తగ్గించాలి. తీసిన ద్రవాన్ని కొత్తలో చెత్తలో పోయకుండా పాత ప్లేట్‌లోకి తీయించండి. బీడ్లు పొరపాటున లేచి వచ్చేస్తే కనీసం వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇథనాల్ రెండోసారి తీసేశాక అడుగున ఒక చిన్న చుక్క తప్పకుండా మిగులుతుంది. పెద్ద పిపెట్‌తో అది రాదు. అందుకే పైన టిప్పుల లెక్కలో చిన్న టిప్పుల వరస వేరుగా పెట్టాను, ఆ వరస మిగుల్చుకుందామని చూడకండి. ఆ చుక్క మిగిలితే తర్వాతి పీసీఆర్ దెబ్బతింటుంది.

ఇక ఆరబెట్టడం. ఇక్కడ స్క్రిప్ట్‌లో ఒక అంకె రాసేసి మర్చిపోతే కుదరదు. తడిగా ఉన్న బీడ్లు ముదురు గోధుమ రంగులో మెరుస్తుంటాయి, కంటికి కనిపించే ద్రవం పోయి ఆ మెరుపు ఇంకా ఉండగానే ఆపాలి. ఇంకా ఆగితే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తాయి, అప్పుడు డీఎన్‌ఏ పూర్తిగా తిరిగి రాదు. విశాఖలో వానాకాలం గాలిలో తడి ఎక్కువ, అదే బీడ్లు ఏప్రిల్‌లో ఏసీ బాగా నడుస్తున్న హైదరాబాద్ ల్యాబ్‌లో చాలా ముందే ఆరతాయి. నేను స్క్రిప్ట్‌లో రెండు నిమిషాలు పెట్టి, ఆ తర్వాత పాజ్ పెడతాను. మనిషి వచ్చి చూసి, సరిపోయిందనిపిస్తే రెజ్యూమ్ నొక్కాలి. ఎంత ఆటోమేషన్ చేసినా ఈ ఒక్క పాజ్ తీయను. ఏసీ గాలి నేరుగా డెక్ మీద పడుతుంటే ఒక వైపు కాలమ్‌లు ముందు ఆరిపోతాయి, ఏసీ రెక్కలు వేరే దిక్కుకి తిప్పండి.

ఇండెక్స్ ప్లేట్

ఇక్కడ జరిగే తప్పు మొత్తం రన్‌ని పాడుచేస్తుంది, పైగా సీక్వెన్సింగ్ అయ్యాక గానీ బయటపడదు. 8-ఛానెల్ పిపెట్ కాలమ్‌ల వారీగా వెళ్తుంది: ఏ1, బీ1, సీ1 అంటూ హెచ్1 దాకా, తర్వాత ఏ2. మన ఎక్సెల్ షీట్లలో చాలామంది అడ్డంగా, ఏ1, ఏ2, ఏ3 అని శాంపిళ్లు రాసుకుంటారు. రెండూ కలిస్తే ఏ శాంపిల్‌కి ఏ ఇండెక్స్ పడిందో తారుమారవుతుంది. శాంపిల్ షీట్‌ని మొదటి నుంచీ కాలమ్ వరసలోనే రాయండి.

ప్లేట్‌ని ముందు వైపు వెనక్కి తిప్పి పెడితే ఏ1 ఉండాల్సిన చోట హెచ్12 వస్తుంది, రోబోకి తేడా తెలియదు. ఏ1 మూలన మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టి, డెక్ మీద కూడా ఆ మూలకి స్టిక్కర్ అంటించండి. ఇండెక్స్ ప్లేట్ ఫాయిల్‌ని చించేసి తీయకండి, చుక్కలు ఎగిరి పక్క వెల్స్‌లో పడతాయి. ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి, వాడే కాలమ్‌ల దగ్గర మాత్రమే ఫాయిల్‌కి కొత్త టిప్పులతో చిల్లులు పెట్టి, అప్పుడు డెక్ మీద పెట్టండి. ఒకసారి చిల్లు పడిన వెల్ మళ్లీ వాడకండి. నోవాసీక్ లాంటి ప్యాటర్న్ ఫ్లో సెల్ (లైబ్రరీ అతుక్కునే గాజు పలక) ఉన్న సీక్వెన్సింగ్ మెషీన్ల మీద ఇండెక్స్ హాపింగ్ (ఒక శాంపిల్ ఇండెక్స్ ఇంకోదానికి చేరడం) ఉంటుంది కాబట్టి, రెండు వైపులా వేరువేరు ఇండెక్స్ ఉండే యూనిక్ డ్యూయల్ సెట్లే తీసుకోండి.

కంటామినేషన్ టెస్ట్ కూడా అసలు శాంపిళ్లకి ముందే చేయాలి. చదరంగం గళ్లలా ఒక వెల్‌లో డీఎన్‌ఏ, పక్క వెల్‌లో నీళ్లు పెట్టి మొత్తం ప్రిప్ నడపండి. నీళ్ల వెల్స్‌లో డైమర్ శిఖరం తప్ప ఇంకేమీ రాకూడదు. లైబ్రరీ కనిపిస్తే అది ఇథనాల్ చుక్కల వల్లో, కలిపేటప్పుడు పొంగడం వల్లో, ఏ వెల్స్‌లో వచ్చిందో చూస్తే అర్థమవుతుంది. పీసీఆర్ అయిపోయిన ప్లేట్లని అదే రోబో మీదికి తెస్తే, తర్వాతి రన్ పెట్టే ముందు డెక్‌ని 10 శాతం బ్లీచ్‌తో, ఆ తర్వాత నీళ్లతో తుడవండి. వీలైతే చివరి క్లీనప్‌ని వేరే గదిలో చేత్తోనే చేసుకోవడం ఇంకా మంచిది.

రన్ రోజు

యూపీఎస్ లేకుండా రన్ పెట్టకండి. రోబోకే కాదు, దాన్ని నడిపే ల్యాప్‌టాప్‌కీ, పీసీఆర్ మెషీన్‌కీ కూడా. కరెంటు పోయి వస్తే రోబో ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. అప్పుడు ప్లేట్‌లో ఏ కాలమ్ దాకా అయ్యిందో తేల్చాల్సింది మనమే. బీడ్లు ఇథనాల్‌లో ఉన్నప్పుడు ఆగితే టెన్షన్ పడక్కర్లేదు, కాసేపు ఉన్నా ఏమీ కాదు. ఆరబెట్టే దశలో ఆగితే మాత్రం పరుగెత్తి వెళ్లి వెంటనే ఎల్యూషన్ బఫర్ చేత్తో వేసేయండి. టిప్ ర్యాకుల ఫోటో రన్‌కి ముందు ఒకటి తీసి పెట్టుకోండి, ఆగిపోయినప్పుడు ఎన్ని కాలమ్‌లు ఖాళీ అయ్యాయో చూస్తే ఏ స్టెప్ దాకా వెళ్లిందో లెక్కగట్టవచ్చు.

మొదటి కొన్ని రన్లలో 24లో రెండు వెల్స్‌కి మీకు బాగా తెలిసిన డీఎన్‌ఏ, ఒకదానికి నీళ్లు కేటాయించండి. అదే రోజు అదే డీఎన్‌ఏతో రెండు లైబ్రరీలు చేత్తో కూడా చేయండి. రోబో లైబ్రరీ చేతి లైబ్రరీకి దగ్గరగా వచ్చేదాకా విలువైన శాంపిళ్లని డెక్ మీదికి తేవద్దు.

క్వాంటిఫికేషన్, పూలింగ్

లైబ్రరీలు వచ్చాక క్యూబిట్‌తో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచి, టేప్‌స్టేషన్ లేదా బయోఅనలైజర్ మీద సైజు చూడండి. 120, 150 బేస్ పెయిర్ల మధ్యలో సన్నటి శిఖరం కనిపిస్తే అది అడాప్టర్ డైమర్, చిన్నదే కదా అని వదిలేయకండి. పొట్టి ముక్కలు ఫ్లో సెల్ మీద ముందు అతుక్కుని రీడ్లు (మెషీన్ చదివే డీఎన్‌ఏ వరసలు) తినేస్తాయి. ఆ వెల్స్‌కి 0.9 రెట్లతో ఇంకో క్లీనప్ చేయండి.

మోలారిటీకి (ద్రవంలో డీఎన్‌ఏ అణువుల సాంద్రత) లెక్క ఇది: మైక్రోలీటర్‌కి ఎన్ని నానోగ్రాములో దాన్ని పది లక్షలతో గుణించి, 660తో, సగటు పొడవుతో భాగించాలి. 400 బేస్ పెయిర్ల లైబ్రరీ మైక్రోలీటర్‌కి 2 నానోగ్రాములు ఉంటే 7.6 నానోమోలార్ వస్తుంది. దాన్ని 4 నానోమోలార్‌లో 20 మైక్రోలీటర్లు చేయాలంటే లైబ్రరీ 10.5, బఫర్ 9.5. ఇలాంటి 24 వేరువేరు అంకెలు చేత్తో వేయడం కన్నా రోబోకి సీఎస్‌వీ ఫైల్ (అంకెల పట్టిక) ఇవ్వడం ఎంతో నయం, నిజానికి కొత్తగా రోబో కొన్నవాళ్లు మొదట ఆటోమేట్ చేయాల్సింది కూడా ఈ పనే. దీనికి 8-ఛానెల్ పనికిరాదు, 20 మైక్రోలీటర్ల సింగిల్ ఛానెల్ పిపెట్ బిగించి పొజిషన్ మళ్లీ చెక్ చేసుకోండి. ఏ ట్రాన్స్‌ఫరైనా 2 మైక్రోలీటర్ల కన్నా తగ్గితే స్క్రిప్ట్ ఆగి ఎర్రర్ చూపేలా రాయండి, అలాంటి లైబ్రరీని ముందు పలచన చేసుకుని మళ్లీ పెట్టండి.

అన్నిటి నుంచీ సమానంగా తీసి పూల్ చేశాక (ఒకే ట్యూబ్‌లో కలిపాక), పెద్ద ఫ్లో సెల్ మీదికి వెళ్లే ముందు వీలుంటే ఐసీక్ లేదా మైసీక్ లాంటి చిన్న సీక్వెన్సర్ మీద చిన్న రన్ ఒకటి నడపండి. 24 ఇండెక్సులకి ఎన్నెన్ని రీడ్లు వచ్చాయో చూడండి. ఒకదానికి సగటులో సగమే వచ్చిందంటే రెండో పూల్‌లో దాని వాల్యూమ్ రెట్టింపు చేయండి, ఆ సవరణ అంకెలని అదే సీఎస్‌వీలో మార్చి రోబోతో కొత్త పూల్ చేయించి, దాన్నే పెద్ద రన్‌కి పంపండి.